బ్యాటరీ పోయిన కారుకి జేజేలు

కారు బ్యాటరీ చచ్చిపోవడమంత శుభం మనిషి జీవితంలో మరొకటి లేదు. నవ్వకండి. నరసరావుపేటలో తొమ్మిదేళ్లుగా కారు పెట్టుకుని, మూడు బ్యాటరీలను సాగనంపిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

మా పల్నాటి వాతావరణం సంగతి మీకు తెలుసు. మే నెలలో కారు డోరు పట్టుకుంటే అరచెయ్యి అట్టులా కాలుతుంది. డిసెంబరు వచ్చిందంటే పద్దెనిమిది డిగ్రీలకే ఊరంతా మంకీ క్యాపులు, మఫ్లర్లు! ఎండాకాలమంతా బుద్ధిగా తిరిగిన కారు సరిగ్గా ఈ చలిలోనే మొరాయిస్తుంది. తాళం తిప్పితే టక్కుమంటుంది. ఆ తర్వాత మౌనం. దీన్నే మేం 'సెల్ఫ్ రావట్లేదు' అంటాం. సెల్ఫ్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి మహామహులు ముక్కు మూసుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు. అది లేకపోతే ఎలా ఉంటుందో మా వీధిలో ప్రతి చలికాలం ఉచితంగా చూడొచ్చు.

ఇక లాభాలు వినండి. ఎదురింటాయన పేరు చక్రధర్ అని నాకు ఆరేళ్లపాటు తెలియదు. ఎప్పుడు తెలిసింది? ఆయన రొప్పుతూ నా కారుని వెనకనుంచి తోస్తున్నప్పుడు, నేను అద్దంలోంచి తల బయటపెట్టి, "ఇంతకీ మీ పేరేంటండీ?" అని అడిగినప్పుడు! ఇరుగుపొరుగు కలిసిమెలిసి ఉండాలని ఉపన్యాసాలెందుకు? వీధికో చచ్చిన బ్యాటరీ పంచితే చాలదూ?

పైగా ఆరోగ్యం. రెండు చలికాలాలు నా కారు తోసేసరికి చక్రధర్ గారి షుగరు దిగొచ్చింది. పాపం వాళ్ల డాక్టరు అదంతా తన మందు మహిమే అనుకుంటున్నాడు.

శుభలేఖలు ఇచ్చినవాళ్ల పెళ్లిళ్లకి వెళ్లే గొడవా తప్పుతుంది. జ్వరమని చెబితే బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చేస్తారు. పనుందంటే నొచ్చుకుంటారు. అదే బ్యాటరీ డౌన్ అని చెప్పి చూడండి, వెంటనే ఫోన్ పెట్టేస్తారు. ఇంకాసేపు మాట్లాడితే వాళ్ల కారు అడుగుతామని భయం.

ఇంత మేలు చేసే బ్యాటరీ, మొన్న డిసెంబరు రెండో ఆదివారం నాకు మరో మేలు తలపెట్టింది.

నా భార్య ఝాన్సీలక్ష్మి మాచర్లలో చదువుకుంది. ఆవిడ పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఆ రోజు కలుస్తున్నారు. అప్పట్లో ఒకే బెంచీలో ఆవిడ పక్కన కూర్చున్న హమీదా కూడా వస్తోంది, సాయంత్రానికే వెళ్లిపోతుంది. ఇంతకుముందు హమీదా మాచర్ల వచ్చిన రెండుసార్లూ తీసుకెళ్తానని మాటిచ్చాను. ఒకసారి నాకు పనిబడింది, ఇంకోసారి బద్ధకించాను. ఈసారి తప్పించుకునే దారి లేదనుకుంటూ పొద్దున్నే ఆరుంపావుకి తాళం తిప్పాను. టక్!

నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో. మొహం మాత్రం విచారంగా పెట్టాను.

పక్కింటి పున్నయ్య బాబాయ్ దుప్పటి కప్పుకుని వచ్చి, బ్యాటరీ చలికి ముడుచుకుపోయిందని తేల్చాడు. ఆయన సలహా మీదే నేను డిసెంబరంతా రాత్రిళ్లు కారు బానెట్ మీద దుప్పటి కప్పుతుంటాను. ఇప్పుడాయన కాపడం పెట్టుకునే వేడినీళ్ల సంచీ తెచ్చి బ్యాటరీ మీద ఆనించి, చంటిబిడ్డ ఒళ్లు చూసినట్టు తడిమి చూశాడు. అదీ చాలక, శుభమా అని వెళ్తున్నారు కదా అంటూ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. కారు వాటిని తొక్కుకుంటూ బయల్దేరాలట. కదలని కారు ఎలా తొక్కుతుంది? వీధిలోవాళ్లు ఐదుగురు కలిసి తోసి తొక్కించారు. తోసి తొక్కిస్తే ఫలితం ఉంటుందా, ఉండదా అని వాళ్లలో వాళ్లకి చర్చ మొదలైంది. ఈలోగా కారు వెళ్లి వీధి మొగలో అడ్డంగా ఆగిపోయింది.

ఝాన్సీ పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర అరగంట నిలబడింది. మా కారు అడ్డం వల్ల ఇరుక్కుపోయిన ఆటో ఒకటి హారన్ కొడుతోంది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని నడిచి వెళ్లి అందులో ఎక్కింది. ఆటో వెనక్కి తిరిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి బ్యాటరీల షాపు జమీర్ వచ్చాడు. మూతలు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు. నేను చలిని తిట్టడం మొదలుపెడితే చేత్తో ఆపాడు.

"చలి ఏం జేసింది సార్ పాపం? ఇది మే నెల్లోనే పోయింది. ఎండకి లోపల నీళ్లు ఇగిరిపోయి ప్లేట్లు దెబ్బతిన్నయ్. వేడికి ఇంజన్ తేలిగ్గా తిరుగుద్ది గాబట్టి అప్పుడు మీకు తెలవలా. చలికి ఇంజన్ బిగుసుకుంటది, చానా బలం కావాల. ఉంటే గదా అది ఇచ్చేదానికి?"

తర్వాత, ఎండాకాలం కారు ఎక్కడ పెట్టారని అడిగాడు.

మా ఇంటికి పోర్టికో ఉంది. చక్కటి నీడ. అందులో నా పడక్కుర్చీ, కూలరు ఉంటాయి. ఇలాంటి రచనలు చేసేవాడికి చల్లటి చోటు కావాలి కదా! అందుకని ఏప్రిల్లోనే కారుని ఎండలోకి నెట్టేశాను. కారు నీడన పెట్టమని, బ్యాటరీలో నీళ్లు చూపించమని ఝాన్సీ అప్పట్లో మూడుసార్లు చెప్పింది. ఆ సంగతి జమీర్‌కి చెప్పలేదు.

సాయంత్రం ఏడింటికి ఆవిడ తిరిగొచ్చింది. ఫోన్లో ఫొటో చూపించింది. ఇరుకు బెంచీలో ఆవిడా, హమీదా ఒకరినొకరు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. నా ఇంట్లో ఆవిడ అలా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో లెక్కకి అందలేదు.

కొత్త బ్యాటరీ వేయించానని, ఈసారి నేనే స్వయంగా తీసుకెళ్తానని గబగబా చెప్పాను.

"వద్దులెండి. డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించే వచ్చా, బస్టాండు కాడే ఉంది. ఫిబ్రవరిలో హమీదా వాళ్లింటికి కారేసుకుని నేనే పోతన్నా" అంది. గుమ్మం దాకా వెళ్లి, నా మొహం చూసి జాలిపడినట్టుంది. "మీకేదన్నా పనుంటే చెప్పండి, దారిలో దింపుతా."

కాబట్టి పాఠక మహాశయులారా, నేను పైన రాసిన శుభాలన్నీ మీరు హాయిగా మరిచిపోవచ్చు. మీ ఇంట్లో వాళ్లు ఏప్రిల్లో చెప్పిన మాట ఏప్రిల్లోనే వినండి. నేనిప్పుడు ఇది ఆరుబయట కూర్చుని రాస్తున్నాను. పోర్టికోలో కారుంది, తాళం ఆవిడ దగ్గరుంది. డిసెంబరు ఎండ కాబట్టి ఒంటికి హాయిగానే ఉంది. మే నెల తలుచుకుంటేనే నాకు బెంగగా ఉంది.