పంకజాక్షి గారి భర్త

నవ్వకుండా వింటామంటే చెబుతాను. రెండు వేల నాలుగో సంవత్సరంలో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నేను ఆడదాన్ని. పేరు పంకజాక్షి. వయసు యాభై రెండు. కాపురం చిత్తూరు.

ఈ సంగతి మా ఆవిడ లోకేశ్వరికి తెలియదు. తెలియదనే నేను అనుకున్నాను.

నా ఉద్యోగం బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. కాయలున్నన్నాళ్ళు తల గోక్కోవడానికి తీరిక ఉండదు. ఆగస్టు వచ్చిందంటే గోక్కోవడం తప్ప పని ఉండదు. ఆ తీరిక మీద లోకేశ్వరి కన్ను పడేది. బూజు దులుపు, బియ్యంలో రాళ్ళేరు, అటక మీది ఇత్తడి బిందె దించు, దించాక మళ్ళీ ఎక్కించు.

అందుకే ఆ యేడు ఒక ఉపాయం పన్నాను.

“ఇంక ఫ్యాక్టరీ ఉత్తరాలన్నీ కంప్యూటర్లోనే పంపాలంట. దినామూ మధ్యాన్నం రేవతి కాడికి పోవాల,” అన్నాను.

“ఫ్యాక్టరీ మూసినారు కదయ్యా?”

“మూసినామని ఉత్తరాలు రాయాల కదా!”

రేవతిది మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరు. వాళ్ళమ్మ కాలంలో అది టైపు ఇన్‌స్టిట్యూట్. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. బల్లలూ కుర్చీలూ మాత్రం అవే.

అక్కడ నాకు ‘వంటింటి గడప’ అనే చోటు దొరికింది. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో చేరి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ వంటలూ సంసారాలూ మాట్లాడుకునే గడప. మునిచంద్ర అనే నా సొంత పేరుతో వెళ్ళి, తోతాపురి మామిడికాయ గొప్పతనం మీద మూడు మధ్యాహ్నాలు ఒంటి వేలితో టైపు కొట్టి పెట్టాను. వారం దాకా ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఎనిమిదో రోజు ఒకావిడ మాత్రం “దారి తప్పి వచ్చినట్టున్నారు” అని రాసింది.

నాకు రోషం వచ్చింది. లోకేశ్వరి చేసే పచ్చిపులుసు గురించి కాగితం మీద రాసి, కింద పంకజాక్షి అని పెట్టి, టైపు కొట్టమని రేవతికి ఇచ్చాను. మరునాటికి ముప్పై జవాబులు! పిన్నీ అని ఒకరు, అత్తయ్యా అని ఒకరు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో “మునిచంద్రా, నువ్వేమంటావు?” అని నన్ను అడిగినవాడు లేడు. పంకజాక్షిని దుబాయ్ నుంచి అడుగుతున్నారు. అప్పటినుంచి రోజూ ఒక కాగితం రాసి రేవతికి ఇచ్చి వచ్చేవాణ్ణి. ఒక్క మాట కూడా బయటికి పొక్కనివ్వనని ఆమె ప్రమాణం చేసింది.

చిక్కల్లా ఒక్కటే. పంకజాక్షికి వంట రాదు.

“మిరియాల చారులోకి ఉప్పెంత?” అన్నాను ఒక రోజు వంటింటి గుమ్మంలో నిలబడి.

“తగినంత.”

“తగినంత అంటే ఎన్ని చెంచాలు?”

“యాలయ్యా? చారు బాగలేదా?”

“బాగుండాది. అందుకే అడుగుతా ఉండాను.”

లోకేశ్వరి గరిటె పక్కన పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “జొరం లేదే!” అంది.

పేరు పెరిగేకొద్దీ నోరు కూడా పెరిగింది. “మా ఆయన మునిచంద్ర గారు దేవుడు. పొద్దున్నే లేచి ఉల్లిపాయలు తరుగుతారు. ఆదివారం నన్ను వంటింట్లో అడుగు పెట్టనివ్వరు. వంటంతా ఆయనదే” అని రాశాను. ఆడవాళ్ళంతా మురిసిపోయారు. ఫోటో పెట్టండి, మా ఆయనకు చూపిస్తాం అన్నారు. నిజం చెప్పొద్దూ, చదివి చదివి నాక్కూడా ఆ మునిచంద్ర గారంటే గౌరవం ఏర్పడింది.

నాగపూర్ నుంచి మహిత అనే అమ్మాయి రాసేది. పెళ్ళై ఏడాది. పుట్టిల్లు మన పలమనేరు పక్క. నవంబరులో ఆమె దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. “అమ్మ పోయి ఆర్నెల్లయింది పిన్నీ. అమ్మ చేసే పితికిపప్పు నాలుగుసార్లు చేసి చూశాను. నాలుగుసార్లూ పారబోసి ఏడ్చాను.”

పితికిపప్పంటే, చిక్కుడు జాతి అనపగింజలను రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనూ వేళ్ళతో పితికి, తోలు తీసి వండే పప్పు. దాని కొలతలు ఎట్లాగో లోకేశ్వరి నోటి నుంచి రాబట్టగలను. కానీ ఆ పిల్ల అడిగింది కొలతలు కాదు.

మూడు కాగితాలు చించి నాలుగోదాని మీద రాశాను: “అమ్మ చేసినట్టు రాదు తల్లీ. మా అమ్మ పోయి పదేళ్ళు. ఆమె కలిపిన ముద్ద నాకు మళ్ళా దొరకలేదు. నీ వంట నీ మాదిరే వస్తుంది. పారబోయొద్దు. ఇద్దరూ కూర్చుని తినండి.”

వారం తర్వాత, “ఐదోసారి పారబోయలేదు పిన్నీ” అని జవాబు వచ్చింది. ఆ రోజు రేవతి చూడకుండా కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను.

డిసెంబరులో పిడుగు పడింది. “తిరుమలలో దర్శనం చేసుకుని శనివారం చిత్తూరు వస్తున్నాం పిన్నీ. మీ ఇంటికే!” అని రాసింది మహిత.

పంకజాక్షికి జ్వరమని రాశాను. “అయితే నేనొచ్చి గంజి కాచి పెడతాను” అంది. సత్యవేడు పోతున్నానని రాశాను. “సత్యవేడు మేమూ చూడలేదు” అంది. పంకజాక్షిని చంపేద్దామా అని కూడా అనుకున్నాను గానీ, గడపలో రెండు వందల మంది ఏడుస్తారే అని చేతులు రాలేదు.

ఇక లోకేశ్వరే దిక్కు.

“శనివారం మా దూరపు చుట్టాలమ్మాయి మొగుడితో వస్తా ఉండాది,” అన్నాను. “ఆ పిల్ల నిన్ను పంకజాక్షి పిన్నీ అంటే రొంత పలుకు.”

“నా పేరది కాదే!”

“ఏదో జాతక దోషమంట. ‘లో’ అనే అక్షరం పలకకూడదంట.”

“అట్నా? మరి ‘లోపలికి రావచ్చా’ అని ఎట్లడుగుతాది?”

“నువ్వే ముందు పిలిసేయ్.”

“సరేలే,” అంది.

ఇంత తొందరగా ఒప్పుకోవడం ఆమె వంశంలోనే లేదు. నేను అప్పుడే అనుమానించాల్సింది.

శనివారం పొద్దున వంటింట్లో చాప పరిచి, నానిన అనపగింజల బేసిను నా ముందు పెట్టింది.

“పితుకు.”

“నేనా?”

“ఆదివారం వంటంతా చేసే దేవుడివి, శనివారం రొన్ని గింజలు పితకలేవా?”

నా చేతిలో గింజ జారి పొయ్యి కిందికి పోయింది. “రేవతి చెప్పేసిందా?”

“చెప్పక? పచ్చిపులుసులోకి కొబ్బరికాయంత చింతపండు రాసినావు! ఆ కాగితం చూసే రేవతి నా తావకు పరిగెత్తుకోనొచ్చింది. నిమ్మకాయంత అని నేను దిద్దకపోతే నీ పంకజాక్షిని తరిమి కొట్టుండేవాళ్ళు. ఆ దినం నుంచి ప్రతి కాగితమూ నేను చూసినాకే పోయింది. ఆ పిల్లకు అడ్రసిచ్చింది కూడా నేనే.”

“మరి యాల అడగలేదు?”

“ఏమడగాల? నా వంటకు పేరొస్తా ఉండాది. నీకు మంచి మొగుడని పేరొస్తా ఉండాది. ఆ పేరు చూసైనా నువ్వు మారతావేమోనని కాచుకోనుండా.” బేసిను నా వైపు జరిపింది. “ఆ పిల్లకు నిజం నువ్వే చెప్పాల. నేను పలకను.”

పన్నెండింటికి ఆటో ఆగింది. మహిత దిగింది. వెనకే ఆమె భర్త రూపేష్, కొత్త గుండు మీద ఎండ మెరుస్తుండగా, లడ్డూ సంచితో దిగాడు. మహిత లోకేశ్వరి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, ఆమె భుజాలు పట్టుకుని ఆపింది.

“నేను కాదమ్మా. పంకజాక్షి ఆడ కూసోనుండాది,” అని వంటింట్లోకి చూపించింది.

చాప మీద నేను. పంచె ఎగగట్టి, మోచేతుల దాకా అనప తోళ్ళతో లేచి నిలబడ్డాను. “నేనేనమ్మా... నువ్వు రాసిందంతా నాకే,” అన్నాను.

మీకు నవ్వు వస్తుందేమో గానీ, ఆ పిల్ల నవ్వలేదు. “మా అమ్మ గురించి రాసినానే! అదంతా ఒక మగాయనా చదివింది?” అంది. రూపేష్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

నాలుగు నెలల నా గొప్పతనం ఆ తోళ్ళ కుప్పలో కలిసిపోయింది.

“తప్పు చేసినాను తల్లీ. పేరు దొంగది. వంట మీ పిన్నిది. నాదంటూ ఏమీ లేదు.”

“పారబోయొద్దని రాసిందెవరు?”

పలకనన్న లోకేశ్వరే పలికింది. “వంటలన్నీ నేను దిద్దినానమ్మా. ఆ కాగితంలో మాత్రం ఒక్క అక్షరం ముట్టలేదు. వాళ్ళమ్మ గురించి ఆయన నా తావ కూడా ఎప్పుడూ అట్ల మాట్లాడింది లేదు. చదివి నేనే ఏడ్చినా.”

ఇది నాకు కొత్త సంగతి. నేను ఆమె వైపు చూశాను. ఆమె పోపుల డబ్బా వైపు చూసింది.

మహిత చాప మీద కూర్చుని, బేసినులోంచి ఒక గింజ తీసి పితికింది. పప్పు ఎగిరి నా కళ్ళజోడుకు తగిలింది. అప్పుడు వచ్చింది నవ్వు.

“వేళ్ళు ఇట్ల పెట్టాల్నా... బాబాయ్?” అంది.

ఆ పూట పితికిపప్పు రుచి గురించి చెప్పను. చెబితే మీరు మా ఇంటికి బయల్దేరతారు.

భోజనాలయ్యాక లోకేశ్వరి చెప్పులేసుకుంది. “రా మహితా, రేవతి కాడికి పోదాం. ఇంక నా జవాబులు నా పేరుతో నేనే రాసుకుంటా.”

“నీకు టైపు రాదు కదే!” అన్నాను.

“పెండ్లికి ముందు రేవతి వాళ్ళమ్మ కాడ టైపు లోయర్ పరీక్ష పాసైనాను. ఇరవై ఏండ్లలో నువ్వడిగింది లేదు,” అంది గడప దాటుతూ. “మేమొచ్చేలోపల మీరిద్దరూ రాత్రికి అన్నం వండి పెట్టండి.”

రూపేష్ బియ్యం కడిగి, భక్తిగా నా వైపు తిరిగాడు. “బాబాయ్, నీళ్ళెన్ని పోయాలి?”

రెండు వందల ఇళ్ళకు వంట నేర్పిన మనిషిని. బియ్యం వైపు చూశాను. నీళ్ళ వైపు చూశాను. ఇద్దరం చెప్పులేసుకుని వీధి చివరికి నడిచాం.

సెంటరులో లోకేశ్వరి పది వేళ్ళూ మీటల మీద వడగళ్ళ వానలా పడుతున్నాయి. పక్కన మహిత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తెర మీద ‘లోకేశ్వరి, చిత్తూరు’ అన్న పేరు. పంకజాక్షి ఎవరో దాని కింద పూసగుచ్చినట్టు రాసేసింది. కొందరు నన్ను తిట్టారు. మిగతావాళ్ళు అప్పటికే లోకేశ్వరి పిన్నీ అంటూ సందేహాలు మొదలుపెట్టారు. ఆమె ముఖంలో అంత వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు.

“లోకా,” అన్నాను మెల్లగా, “రెండు గ్లాసుల బియ్యానికి నీళ్ళెన్ని?”

ఆమె తల తిప్పలేదు.

“గడపలో రాసి పెట్టయ్యా. నీ ముందు పద్నాలుగు మంది ఉండారు.”