గురవయ్య గీసిన గీత

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, తాతల కాలం నాడు ఏనుగులు కట్టిన రాతి కచేరీ ఉండేది. అందులో రికార్డు గుమాస్తా గురవయ్య అనే తాబేలు. వాగు పొంగి కచేరీలోకి నీళ్లొచ్చినప్పుడల్లా, ఎంత ఎత్తు వచ్చాయో చూసి గోడ మీద గోటితో ఒక గీత గీసేవాడు. అంతకుముందు వాళ్ల నాన్న గీసేవాడు. అన్నిటికంటే పై గీతకు మరో మూరెడు ఎత్తున అటక. కుందేళ్ల బొరియల పట్టాలన్నీ ఆ అటక మీదే. అవి భద్రంగా ఉన్నంతకాలం అడవిపందులు ఆ బొరియల జోలికి వెళ్లలేదు.

ఆ ఏడు వరదకు కచేరీలో మోకాలి లోతు బురద మేట వేసింది. తలుపులు ఊడిపోయాయి. పట్టాలకు మాత్రం చెమ్మ కూడా తగల్లేదు.

మృగరాజు ముక్కు మూసుకుని వచ్చి చూశాడు. "బయట పాతదనం చెడకూడదు. లోపల ఆఫీసు మాత్రం మెరిసిపోవాలి" అని సెలవిచ్చాడు. పని ఇంజనీరు జంబుకేశ్వరరావుకు అప్పగించారు. ఆయన నక్క అని మళ్లీ చెప్పాలా?

"గోడ నిండా ఈ పిచ్చిగీతలేమిటయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"వరద గుర్తులు సార్. మా నాన్నగారి కాలం నుంచీ..."

"రాజుగారు కూర్చునే గదిలో వరద మాటెందుకు? చూసినవాళ్లు జడుసుకోరూ?"

గీతలన్నీ నున్నగా అరగదీయించి, అక్కడే రాజుగారి పేరుతో శిలాఫలకం పెట్టించాడు. అటక పీకించి ఫాల్స్ సీలింగ్ వేయించాడు. పట్టాలు నేలబారు గాజు బీరువాల్లోకి దిగాయి.

"సార్, అవి కాస్త ఎత్తులో..." అని నసిగాడు గురవయ్య.

"అటకెక్కడానికి మీకో పూట పట్టేది. మీ సుఖం కోసమే కదా ఇదంతా!"

ప్రారంభోత్సవం నాడు కుందేలు వరాలమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "బాబాయ్, మా పట్టాలకేం భయం లేదు కదా?"

"ఇంజనీరుగారు అన్నీ ఆలోచించే చేశారమ్మా" అని గురవయ్య తల లోపలికి లాక్కున్నాడు. ఆ మాట అన్నందుకు డిప్పలోపల సిగ్గుతో చచ్చిపోయాడు.

మరుసటేడు వాగు మామూలుగానే పొంగింది. ఎప్పుడూ వచ్చినంత నీరే వచ్చింది. గాజు బీరువాల్లో పట్టాలు నాని ముద్దయ్యాయి. నీరు తీయకముందే పందులు వరాలమ్మ బొరియ తవ్వడం మొదలుపెట్టాయి.

"నువ్వు చెప్పావనే ధీమాగా ఉన్నాను బాబాయ్" అంది వరాలమ్మ. కోపంగా కూడా అనలేదు. గురవయ్యకు ఏడుపు ఆగలేదు.

ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని గోడ దగ్గరికి నడిచాడు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసుకుని, ఈసారి కాస్త లోతుగానే గీశాడు. గీత శిలాఫలకం మీద, రాజుగారి పేరు మధ్యగా పోయింది.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు జంబుకేశ్వరరావే. గోడలన్నీ తడిమి చూసి నివేదిక రాశాడు: "ఈ భవనంలోకి ఇదివరకు వరద వచ్చిన దాఖలా ఎక్కడా లేదు. పట్టాలు గుమాస్తా అజాగ్రత్త వల్ల తడిశాయి. పైగా అతడు పురాతన కట్టడాన్ని గోటితో గీరి పాడుచేశాడు." సాయంత్రానికల్లా గురవయ్య చేతికి సస్పెన్షన్ కాగితం వచ్చింది.

నీతి: సర్కారు కచేరీలోకి నీళ్లు ఎంత ఎత్తైనా రావచ్చు, ఎంత ఎత్తు వచ్చాయో గుర్తుపెట్టడమే నేరం.