లింబాద్రి చేతులకు వీసా

మార్కుల లెక్కగట్టి మనుషులను రమ్మనే దొరలారా, నిజామాబాద్ టైల్స్ మేస్త్రీ లింబాద్రి చేతులు రెండింటికీ వీసా ఇచ్చి, మిగతా లింబాద్రిని ఇంటికి తోలింది మీరే.

అందులో రూలు తప్పిందేమీ లేదు. కొత్త దేశంలో స్థిరపడగలదా లేదా అని ఒక్కో అవయవాన్నీ విడిగా పరీక్షించారు. చేతులు ఫస్టు క్లాసులో గట్టెక్కాయి. నాలుక, చెవులు భాష దగ్గర తప్పాయి. పొట్ట జొన్నరొట్టె అడిగి, ఉన్న మార్కులూ పోగొట్టుకుంది. సెలవు దొరికితే ఇంటివైపు నడుస్తాయని కాళ్ళను పరీక్షకే పిలవలేదు. చేతులకు మాత్రం బెంగ ఉండదని ఆఫీసరు రాశాడు. నొప్పి లేకుండా భుజాల దగ్గర విప్పి, పెట్టెలో సర్ది, విమానం ఎక్కించారు.

అప్పటినుంచి భార్య గంగామణే అన్నం కలిపి తినిపిస్తోంది.

"జర చిన్న ముద్దలు పెట్టరాదే," అంటాడు లింబాద్రి.

"నీ చేతులు ఫారిన్ వోయినంక నీకు నకరాలు ఎక్కువైనయ్," అంటుంది ఆమె.

అక్కడ చేతులు చక్కగా స్థిరపడ్డాయి. కానీ అవి వేసిన టైల్సు ఊడిపోసాగాయి. టైలు పరిచాక మేస్త్రీ వేలితో కొట్టి వింటాడు. కింద సిమెంటు నిండకపోతే డొల్లగా మోగుతుంది. చేతులు కొడుతూనే ఉన్నాయి. వినాల్సిన చెవి నిజామాబాద్‌లో ఉంది.

ఆఫీసు వెంటనే కుడిచెవికి ప్రత్యేక వీసా ఇచ్చింది. తీసుకుపోవడానికి వచ్చిన అధికారిని గంగామణి గడపలోనే ఆపింది.

"తీస్కపోతె మొత్తం మనిషిని తీస్కపో సారూ. లేకుంటె చేతులు మల్ల తెచ్చియ్యి."

"చేతులు అక్కడ పర్మనెంటమ్మా. దగ్గరి బంధువులను పిలిపించుకునే హక్కు వాటికుంది. కానీ ఈయన ఆ చేతులకు ఏమవుతాడో రుజువు లేదు."

"ఏలిముద్ర చాలదా?"

"చాలు. వేలు వచ్చి వేయాలి. వేలు అక్కడుంది."

గంగామణి గడప వదల్లేదు. లింబాద్రి నెమ్మదిగా తల పక్కకు వంచాడు.

"తీస్కోనియ్యే. నా పని డొల్ల అంటె ఇజ్జత్ పోతది. ఎడమ చెవి ఉన్నది గద, నీ తిట్లకు గదే ఎక్కువ."

చెవి వెళ్ళింది. ఇప్పుడు టైల్సు గట్టిగా నిలుస్తున్నాయట. వచ్చే నెల కళ్ళకు పరీక్ష పెడతారట.

దొరలారా, పిలిస్తే మనిషినంతా పిలవండి. లేదంటే రేపటి విమానానికే ఆ చేతులనూ చెవినీ తిరిగి పంపండి. లింబాద్రికి వీపు దురదపెడుతోంది. గంగామణి కూలికి పోయింది.