జూలూరుపాడు దోస్తుల కొత్త క్యాసెట్

ఆ బుధవారం పొద్దున సాబిర్ తన రేడియో రిపేరు దుకాణం షట్టరు సగమే లేపాడు. ఆరోజు పని రిపేరు కాదు, పాట.

సాబిర్ గిటార్, పూల్‌సింగ్ డోలక్, భద్రు గొంతు కలిసి ఒకప్పుడు ఇప్పపూల మీద, అంగడి జీపు మీద సొంత పాటలు కట్టి క్యాసెట్ తెచ్చాయి. తర్వాత భద్రుకు టీచరు ఉద్యోగం వచ్చింది, పూల్‌సింగ్ బొగ్గుబావిలో చేరాడు. ఇన్నేళ్లకు మళ్లీ కలిశారు, రెండో క్యాసెట్ కోసం.

"మనల్ని ఇంక ఎవరు యాది పెట్టుకుంటరు సాబిర్?" అన్నాడు భద్రు.

"ముందుగాల నువ్వు పాడు. యాది పెట్టుకునుడు వాళ్ల పని."

చప్పుడు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. సాబిర్ భార్య జహీదా బయట కాపలా కూర్చుంది. కాసేపటికి ఎదుటి కిరాణా కొట్టు వెంకటప్పయ్య వచ్చాడు.

"ఏందమ్మా, సాబిర్ భాయ్ లేడా?"

"లోపలనే ఉన్నడన్నా. జర మెల్లగ మాట్లాడు," అని జహీదా భద్రు సంగతి తలచుకుని నిట్టూర్చింది. "పొద్దుగాల్నుంచి గొంతు పెగుల్తలేదు. దోస్తులిద్దరూ సెలవు పెట్టి వచ్చిండ్రు."

వెంకటప్పయ్య దుప్పట్లు కట్టిన కిటికీల వంక చూశాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వెళ్లి, కొట్టు ముందు ఆగిన తల్లాడ బస్సు కండక్టరుకు చెప్పాడు. "సాబిర్‌కు మాట పడిపోయిందంట. ఆఖరి సూపుకు దోస్తులొచ్చిండ్రు. తల్లాడల ఆయన మేనత్తకు కబురు చెయ్యి."

బస్సు తల్లాడ చేరేసరికి మాటతోపాటు ఊపిరి కూడా పోయింది.

ఇక్కడ దుకాణం ముందు జనం చేరారు. అందరూ గుసగుసలే. వీళ్లంతా పాటల కోసం వచ్చారనుకుని జహీదా మురిసిపోయింది. నవ్వుతూ అందరికీ చాయ్ పోసింది.

"పాపం, దుఃఖానికి మతి చెదిరింది," అన్నాడు వెంకటప్పయ్య.

లోపల టేపు అయిపోవస్తోంది. మిగిలింది ఒక్క పాట. పూల్‌సింగ్ డోలక్ అందుకున్నాడు. అప్పటికి భద్రు గొంతు విచ్చుకుంది. సరిగ్గా అతను పల్లవి ఎత్తుకోబోతుండగా బయట జీపు ఆగింది.

"ఓ నా సాబిరూ! నన్నొదిలి ఎట్ల పోయినవ్ బిడ్డా!"

మేనత్త ఫజిలత్ గొంతు దుప్పట్లను లెక్కచేయలేదు. షట్టరు పైకి లేచింది. సాబిర్ గిటార్ పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"ఫుప్పూ! రికార్డింగ్ నడుస్తుంది!"

ఫజిలత్ అతని చెంపలు తడిమి చూసింది. "బతికే ఉన్నవా? మరి తల్లాడ నుంచి గింత దూరం నేనెందుకు ఏడ్సినట్టు?"

వెంకటప్పయ్య తన కొట్టులోకి జారుకున్నాడు.

"ఎట్లైనా వచ్చినం గద, ఒకటి పాడుండ్రి," అన్నారెవరో. భద్రు మొహమాటంగా పాత క్యాసెట్‌లోని అంగడి జీపు పాట మొదలుపెట్టాడు. రెండో చరణం అతను మరిచిపోయాడు. జనం మరవలేదు. చప్పట్లు కొడుతూ చివరిదాకా వాళ్లే పాడారు. భద్రు గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంకో టేపు లేదు. ఏడుపు దగ్గర ఆపిన టేపులోనే ఆఖరి పాట పూర్తి చేసి, ఏడుపును అట్లాగే ఉంచి ఖమ్మంలో కాపీలు తీయించారు. భద్రాచలం దాకా జీపుల్లో, హోటళ్లలో అదే మోగింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే అడిగాడు: "ఆఖరి పాట మొదట్ల ఆలాపన తీసినామె ఎవరు భాయ్?"

మూడో క్యాసెట్‌కు పిలవడానికి సాబిర్ తల్లాడ వెళ్లాడు. ఈసారి రిహార్సల్ లేనిదే ఏడవనంది ఫజిలత్.