క్యూ పక్కన యూ లేని సంసారం

ఇంట్లో ప్రశాంతత కావాలా? వెంటనే ఒక మాటల ఆట పెట్టుకోండి!

నేను ఊరికే చెప్పడం లేదు. ఇరవయ్యారేళ్లుగా రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒక్కటే కోరాను. ఇంట్లో కాస్త నిశ్శబ్దం ప్రసాదించమని. ఆయన ఎన్నాళ్లకూ పలకలేదు. చివరికి మా ఆవిడ ఫోనులోంచి పలికాడు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఫోనులో ఏడు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. వాటితో మాట కట్టి, అవతలివాళ్లు కట్టిన మాటకు తగిలించాలి. అరుదైన అక్షరానికి ఎక్కువ పాయింట్లు. క్యూ వచ్చిందంటే పండగే. కానీ ఇంగ్లీషులో క్యూ మహా పతివ్రత, పక్కన యూ లేనిదే గడప దాటదు. పరాయి భాషల నుంచి వచ్చిన కొన్ని పొట్టి మాటల్లో మాత్రం ఒంటరిగా తిరుగుతుంది. అవన్నీ మా ఆవిడకు కంఠతా వచ్చు.

మొదటిసారి నా మొహంలోకి చూసి "చీ" అన్నప్పుడు నొచ్చుకున్నాను. తర్వాత తెలిసింది, అది చైనా మాట. క్యూ, ఐ, రెండే అక్షరాలు. ప్రాణశక్తి అని అర్థమట! ఖాత్ అంటే నమిలితే హుషారు పుట్టించే ఆకు. ఖాయిద్ అంటే నాయకుడు. రెండూ అరబ్బీవే. మనకు ఎప్పటినుంచో తెలిసిన ఖాజీ, ఫకీరు కూడా ఆ గుంపువాళ్లే. మన భాషలోకి వచ్చినట్టే ఇంగ్లీషులోకీ వెళ్లి, అక్కడ యూ తోడు లేకుండానే బతికేస్తున్నారు. ఇంత విద్వాంసురాలు ఇల్లాలైతే ఏ మగడికి గర్వంగా ఉండదు?

ఇక లాభాలంటారా? మొన్న కుక్కర్ పదకొండు విజిళ్లు వేసింది. లోపల ఉడికిందేమిటో ఇప్పటికీ తేలలేదు. ఏమిటో తెలియని దానికి ఉప్పు తక్కువైందని వంక ఎలా పెడతాం? గొడవే లేదు!

మా బావమరిది ఓరోజు దేనిమీదో మండిపడుతూ పోట్లాటకు వచ్చాడు. వాళ్లక్క వేలెత్తి, "ఒక్క నిమిషం ఆగరా, క్యూ వచ్చింది" అంది. నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఎందుకు వచ్చాడో మరిచిపోయాడు. వెళ్తూ చెప్పులు కూడా మరిచిపోయాడు.

మా వీధి సెలూన్ ఆయన కూడా ఆటలో చేరాడు. ఇప్పుడక్కడ ముగ్గురు పెద్దమనుషులు సగం గీసిన గడ్డాలతో వరుసగా కూర్చుని ఉంటారు. పాపం, ఎంత స్నేహం కుదిరిందో!

ఆ వేలి సంగతి కూడా చెప్పాలి. నాది గడియారాల రిపేరు. కంటికి అద్దం తగిలించి, ఊపిరి బిగబట్టి, ఆవగింజలో పావువంతు స్క్రూ బిగిస్తుంటాను. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే ఎడమచేతి చూపుడువేలు లేపుతాను. నోరు తెరిస్తే స్క్రూ ఎగిరిపోతుంది. ఇది వృత్తిధర్మం.

ఇంటికొచ్చాక కూడా ఆ వేలు లేస్తుంది. పేపరు చదువుతుంటే లేస్తుంది. అన్నం తింటుంటే లేస్తుంది. అలవాటు, అంతే. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఒక వేలు ఏపాటిది?

ఇప్పుడు ఆవిడ వేలు లేస్తోంది. పోయిన నెల ముప్పయ్యేళ్లుగా ఆగిపోయిన గోడగడియారం ఒకటి నా చేతిలో నడిచింది. ఆ సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తుకొచ్చి, "ఏమేవ్, ఇవాళ ఒక గడియారం..." అన్నాను. వేలు లేచింది. మిగతా వాక్యం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పలేదు. నిగ్రహమంటే ఇదే కదా!

ఇంత మంచి ఆటకు నేనొక్కణ్ణే దూరంగా ఉండటం దేనికని, కప్ప అనే పేరు పెట్టుకుని చేరాను. ఆవిడతోనే ఆడాను, ఓడాను. "బాగా ఆడారు కప్పగారూ!" అని మెసేజ్ వచ్చింది. ఇంట్లో నాకు దొరకని మర్యాద కప్పకు దొరికింది. రోజూ ఆట, ఆట వెనక నాలుగు కబుర్లు.

ఒకరోజు కప్ప అడిగింది, "ఇన్ని మాటలు తెలుసు కదా, మీవారితో ముచ్చటించరా?"

జవాబు వచ్చింది. "మా ఇంట్లో మాటకు బదులు వేలు వస్తుందండీ. అందుకే వేలితో ఆడే ఆట నేర్చుకున్నాను."

ఆ వాక్యం మూడుసార్లు చదివాను. అర్థం తెలియని మాట అందులో ఒక్కటీ లేదు.

మర్నాడు దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను నిశ్శబ్దం కోరుకున్న ఇరవయ్యారేళ్లూ, నా పక్కనే చేతులు జోడించి ఈవిడ ఏం కోరుకుని ఉంటుంది? ఇద్దరి మొరల్లో నాదే నీకు ముందు వినిపించిందా స్వామీ? తప్పు పట్టడం లేదు, తెలుసుకుందామని.

ఆదివారం మధ్యాహ్నం మంచం మీద పడుకుని కప్ప తరఫున మాట వెతుకుతున్నాను. "ఏమండీ" అని పిలుపు. నా ప్రమేయం లేకుండానే ఎడమచేతి వేలు లేచింది.

ఆవిడ గుమ్మంలో నిలబడింది. "ఆ వేలు దించండి కప్పగారూ."

వేలు దించాను.

"మీ వంతు వచ్చినప్పుడల్లా ఈ మంచం కిర్రుమంటోంది. పక్క గదిలో ఉన్నదానికి వినపడదా? వారం నుంచీ వింటున్నా."

అంటే ఆ వేలి మాట రాసినప్పటికే... అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఆవిడ వచ్చి మంచం చివర కూర్చుంది. చేతిలో ఫోను లేదు. "మొన్నెప్పుడో గడియారం సంగతి చెప్పబోయారుగా. ఏమైంది దానికి?"

మొదలుపెట్టాను. ముప్పయ్యేళ్ల తుప్పు, విరిగిన చక్రం పన్ను, పనికిరాదనుకున్న స్ప్రింగు. సరిగ్గా లోలకం కదిలే చోటికి వచ్చేసరికి ఆవిడ వేలు లేచింది.

"ఒక సందేహం," అంది ఆవిడ. "అది గంట కొట్టిందా లేదా?"

కాబట్టి పాఠకులారా, ప్రశాంతత కావాలంటే ఈ ఆటకు మించింది లేదు. మా ఇంట్లో మాత్రం అది చెడిపోయింది. ఆ రోజు పొద్దుగూకేదాకా ఒకటే మాటలు! కుక్కర్ పదమూడు విజిళ్లు వేసిందట. మేము వినలేదు, పక్కింటివాళ్లు చెప్పారు.