హాల్లో గుసగుస

ఆ ఉదయం వేడి ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ ఇంగ్లీషు మాస్టారు ఒక పథకం వేసుకున్నాడు. రెండు వందల మందికి ఒకే హాల్లో పాఠం చెప్పీ చెప్పీ ఆయన గొంతు బొంగురుపోయింది. ఇలాగే అరిస్తే మాటే పడిపోతుందన్నాడు డాక్టరు. క్లాసును రెండుగా విడగొట్టమంటే, "పిల్లలు కావాలంటే చూద్దాం. నేనే వచ్చి వింటా" అన్నాడు ప్రిన్సిపాల్. సగం మంది ఇంకొకరి పాలబడితే చాలు, గొంతు దక్కుతుంది. అందుకే ప్రిన్సిపాల్ వచ్చేసరికి పిల్లల చేతే ఆ మాట అనిపించాలనుకున్నాడు.

ఎవరికీ చెప్పుకోలేని బెంగ ఇంకొకటి కూడా ఉంది. ఆ హాల్లో ఆయన ఏ ఇంగ్లీషు వాక్యం పలికినా, వెంటనే ఎండుటాకుల మీద పాము పాకినట్టు ఒక గుసగుస లేచేది. తలెత్తి చూస్తే ఆగిపోయేది.

"పెద్ద క్లాసు కావాలా, చిన్నదా?" అని ఆ రోజు క్లాసులో అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. మగపిల్లలకు సిగ్గు, ఆడపిల్లలకు భయం. మాట్లాడేదెవరో కనిపించకపోతే చెబుతారు కదా అని, కిటికీ తెరలు లాగించి లైట్లు ఆర్పేశాడు. అక్కడే కొంప మునిగింది.

ముందు వరసలోంచి ఒక మగగొంతు లేచింది. "చిన్న క్లాసే కావాలి సార్."

"శభాష్! ఎందుకురా?"

"ఈ హాల్లో ఏదో ఉంది సార్. మీరు మాట్లాడితే అదీ మాట్లాడుతుంది."

 మాస్టారు ధైర్యం కూడగట్టుకుని, "డోంట్ బి అఫ్రెయిడ్" అన్నాడు.

"డోంట్ బి అఫ్రెయిడ్" అంది చీకటి.

"ఒరేయ్, వచ్చేసిందిరోయ్!"

బెంచీలు దొర్లాయి. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన ప్రిన్సిపాల్‌ను గోడకు అతికించేసి మగపిల్లలంతా వరండాలో పడ్డారు, వెనకే తలుపు ధడాలున మూసుకుంది. కళ్లజోడు ఎగిరిపోయిన ప్రిన్సిపాల్ "హూ ఈజ్ దేర్?" అని గద్దించాడు.

"హూ ఈజ్ దేర్?" వంద గొంతులు, మెత్తగా, ఒక్క తప్పూ లేకుండా.

ప్రిన్సిపాల్ తడుముకుని మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

ఎవరో లైటు వేశారు. ఆడపిల్లల వరసలన్నీ నిండుగా, కదలకుండా ఉన్నాయి. పెదవులు మాత్రం ఒక్కసారే మూసుకున్నాయి.

"మేమే సార్" అంది మూలనున్న అమ్మాయి. "ఇంగ్లీషు ఎవరు మాట్లాడినా అలా పలుక్కోవడం అలవాటైపోయింది. ఇంతమందిలో అయితే ఎవరు పలికారో తెలీదు, ఎవరూ నవ్వరు. మాకు పెద్ద క్లాసే కావాలి. విడగొట్టకండి సార్."

"ఇంక విడగొట్టేదేముందమ్మా, అబ్బాయిలు లోపలికే రామంటుంటే!" అన్నాడు ప్రిన్సిపాల్, కళ్లజోడు వెతుక్కుంటూ. "హాలుకు తాళం పెట్టించండి మాస్టారూ. అబ్బాయిలు కింద గదిలో, అమ్మాయిలు మేడ మీద."

మాస్టారి ముఖం వెలిగింది. "మరి రెండో క్లాసు ఎవరికిస్తున్నారు సార్?"

"లైట్లార్పి హడలగొట్టింది మీరు. రెండూ మీరే తీసుకోండి."

ఇప్పుడు ఆయన ఒకే పాఠం రెండుసార్లు చెబుతున్నాడు. "ఇక గట్టిగానే పలకండమ్మా, భయం లేదు" అన్న రోజు నుంచి మేడ మీది గదిలో ఆయన గొంతు తప్ప మరే గొంతూ వినిపించడం లేదు.

ఆ ఒక్క గొంతూ ఎన్నాళ్లుంటుందో చెప్పలేనంటున్నాడు డాక్టరు.