డొరొతీయా కిటికీ

ఆ ఉదయం క్రిస్టోఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం డ్యూక్ గారు నదిలో షికారుకు వెళతారు. ముందు పడవలో వాద్యబృందం, వెనక పడవలో డ్యూక్ గారూ పరివారమూ. ఆరుబయట వాయించడానికని సంగీతం మేస్టారు కట్టిన పాటల వరసలో నడుమ ఒక నెమ్మది పాట ఉంది. అందులో బాకాలూ నగారాలూ ఊరుకుంటాయి, క్రిస్టోఫ్ ఊదే సన్నాయిలాంటి ఓబో ఒక్కటే పలుకుతుంది. సరిగ్గా ఆ పాట వేళకు పడవ పిండిమర పక్కనున్న తన ఇంటి ముందు ఉండాలి. అంతే.

ఆ ఇంట్లో అతని భార్య డొరొతీయా మంచం పట్టి ఉంది. ఆకులు రాలేదాకా ఉండదని వైద్యుడు చెప్పేశాడు. బృందమంతా కలిసి వాయించగా ఆమె ఏనాడూ వినలేదు. వాద్యగాళ్ళ భార్యలను కోట తోటలోకి రానివ్వరు. నది గాలి తగలకూడదని వైద్యుడు కిటికీ కూడా మూయించాడు. క్రిస్టోఫ్ పొరుగింటి ఉర్సులాను బతిమాలి, పడవ వచ్చే వేళకు కిటికీ వేలెడు సందు తెరిచేలా ఒప్పించాడు. ఇంటి దగ్గర నెమ్మదిగా పోనిమ్మని పడవవాడికి ఒక కూజా బీరు ఇచ్చాడు.

పడవవాడు నిజాయితీపరుడు. బీరు ముందే తాగేశాడు కనుక పనీ ముందే చేసేశాడు. వంతెన దగ్గరే తెడ్లు ఎత్తేయడంతో వెనకొస్తున్న డ్యూక్ గారి పడవ వచ్చి గుద్దింది. చేపల పళ్ళెం డ్యూక్ గారి ఒళ్ళో పడింది. ఆయన కోపం చల్లార్చడానికి మేస్టారు నెమ్మది పాట వదిలేసి, ఆయనకు ఇష్టమైన బాకాల నాట్యమనే హుషారు పాట ఎత్తుకోమన్నాడు.

మా సంస్థానంలో డ్యూక్ గారు రుమాలు ఎత్తితే అదే పాట మళ్ళీ వాయించాలి, దించితే ఆపాలి. ఆయన ఈగను తోలడానికి రుమాలు ఎత్తారు. ఎత్తిన చేతిని దిండు మీద ఆనించి అలాగే నిద్రపోయారు. ఇక ఆపే దిక్కు లేదు. పడవ ఇల్లు దాటుతున్నప్పుడు కిటికీ సందు క్రిస్టోఫ్‌కు కనబడింది. కానీ ఆ బాకాల మోతలో అతని ఓబో అతనికే వినబడలేదు. తిరుగుదారిలోనూ అదే పాట.

"ఇంకోసారి ఊదానంటే నా పెదాలు పులుసులోకి తప్ప దేనికీ పనికిరావు," అని గొణిగాడు బాకా ఊదే టోబియాస్.

పిండిమర మలుపు తిరగగానే మళ్ళీ ఇల్లు కనబడింది. ఈసారి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. మా ఊళ్ళో జబ్బుమనిషి గది కిటికీ అలా తెరిచేది ఒక్కందుకే, పోయినవాళ్ళ ఆత్మ బయటికి వెళ్ళడానికి.

"టోబియాస్, ఆపరా," అన్నాడు క్రిస్టోఫ్.

టోబియాస్ కిటికీ వైపు చూశాడు. బాకా దించి టోపీ తీశాడు. ఒక్కొక్కరే వాయించడం మానేశారు. మేస్టారు కూడా టోపీ తీశాడు. క్రిస్టోఫ్ లేచి నిలబడి ఆ నెమ్మది పాట వాయించాడు. మధ్యలో రెండుచోట్ల ఊపిరి తెగింది.

ముందు పడవలో టోపీలు తీశారు కనుక వెనక పడవలో పెద్దలూ తీశారు. ఎవరు పోయారో తెలియక చుట్టూ చూసి, చివరికి కదలకుండా పడి ఉన్న డ్యూక్ గారి దగ్గర ఆగారు. ఒక ముసలి దొరసాని ఏడుపు అందుకుంది. ఒడ్డున అది చూసినవాడు చర్చికి పరిగెత్తాడు. చావు గంట మోగింది.

ఆ మోతకు డ్యూక్ గారు లేచారు. "ఎవరు పోయారు?"

"ఇప్పటిదాకా తమరే అనుకున్నాం ప్రభూ," అన్నాడు దివాను.

ముందు పడవలోంచి మేస్టారు, పోయింది క్రిస్టోఫ్ భార్య అని చెప్పాడు. బతికుండగా తన పేరున గంట మోగడం డ్యూక్ గారికి నచ్చలేదు. ఆ గంట ఆమెదేనని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు.

పడవ దిగి వచ్చి క్రిస్టోఫ్ తన ఇంటి గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాడు. చివరికి తలుపు తోశాడు. డొరొతీయా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. గాలికి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"బాకాలు ఎందుకండీ ఆపేశారు?" అంది.

అతను తెరిచిన రెక్కల వైపు చూశాడు. "కిటికీ ఎవరు తెరిచారు?"

"నేనే తీయించా. సందులోంచి సగమే వినబడింది. వచ్చేటప్పుడైనా మొత్తం వింటానని ఉర్సులాతో పోట్లాడా."

"మరి నా పాట?"

"చలికాలమంతా వంటగదిలో మీరు ఊదింది అదేగా. నిద్రలో కూడా పాడేస్తా. బాకాలు నేనెప్పుడు విన్నాను చెప్పండి?" నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక అడిగింది, "ఇంతకీ గంట ఎవరికి?"

"డ్యూక్ గారికి. పొరపాటున," అన్నాడు క్రిస్టోఫ్. కిటికీ దాకా వెళ్ళాడు కానీ మూయలేదు.

ద్రాక్ష కోతలు మొదలుకాకముందే ఒక ఉదయం అతను తన చేతులతో ఆ రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. సమాధి దగ్గర ఓబో సంచిలోంచి తీయలేదు. టోబియాస్ ఒక్కడే నిలబడి బాకాల నాట్యం ఊదాడు. రుమాలు ఎత్తేవాళ్ళెవరూ లేకపోయినా రెండోసారి కూడా ఊదాడు.

చర్చి గంట మాత్రం మోగలేదు. డ్యూక్ గారి ఆజ్ఞ ప్రకారం ఆమెకు అది ముందే అయిపోయింది.